గట్టిగనే ఉన్నది

"ఒక్క గంట ఆగాలె అక్కా. బంక గుంజుకోకముందే సిల్లు పెడితే మళ్ళ మొదటికే వస్తది. ఇంటికి పోయి రారాదా?" అన్నాడు వడ్ల భూమేష్, గిటారు కొమ్ములోకి కొట్టిన టేకు బిరడా చుట్టూ పొంగిన బంకను తడిగుడ్డతో తుడుస్తూ. గంగుబాయి పోలేదు. వడ్రంగి దుకాణం గోడకు ఆనించిన దర్వాజా చెక్కల పక్కన రంపపు పొట్టు దులిపి, పీట ఒకటి లాక్కొని కూర్చుంది. ఇంట్లో చాటలో తునికాకు ఆరిపోతూ ఉంటుంది, పొద్దుగూకేలోపు చుట్టాల్సిన బీడీలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి, అయినా కదల్లేదు. కదిలితే ఎడమ పిడికిలి విప్పాల్సి వస్తుందేమోనని భయం. పావుగంట నుంచి ఆ పిడికిట్లో గులాబీ రంగు దారం ముద్ద ఒకటి చెమటకు నానుతోంది.

ఆ దారాన్ని బయటికి లాగింది భూమేషే. పట్టీ తగిలించే ఉక్కు గుండీ ఊడిపోయిందనీ, స్క్రూ ఎంత తిప్పినా ఉత్తగానే తిరుగుతోందనీ ఆమె చెప్పగానే, కొక్కెం లాంటి తీగ ఒకటి ఆ చిల్లులోకి దించి అటూ ఇటూ కెలికాడు. కట్టె పొడి వస్తుందనుకుంటే దారం వచ్చింది, కొంచెం వచ్చి తెగింది, మళ్ళీ వచ్చింది. "ఎవలో ఇంట్ల అక్కెర తీర్సుకున్నరు. స్క్రూకు దారం సుట్టి దూర్సిండ్రు. సూస్తే గట్టిగున్నట్టే ఉంటది, బరువు పడ్డనాడు కట్టెను గుడ తీసుకొని ఊడుతది. ఎవల పని అక్కా గిది?" అని అడిగాడు. ఏ ఉద్దేశమూ లేదు పాపం, పంటి నొప్పి అని పోతే డాక్టరు అడిగినట్టు అడిగాడు. గంగుబాయి మటుకు "ఏమో అన్నా, నాకేం ఎరుక" అంది. అన్నాక నాలుక కరుచుకుంది. అర్సపల్లిలో ఏ ఇంటి గడప తొక్కినా బీడీ దారమే, అయినా తన కంపెనీ దారం గులాబీ రంగుది, పక్కింటి ఈరవ్వది పచ్చది. ఆయన డ్రిల్లు మిషను వైపు తిరగ్గానే వంగి, పొట్టులో పడిన ముద్దను ఏరుకొని పిడికిట్లో పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనకుండానే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదే. నలభై ఆరేళ్ల మనిషి, బతుకంతా బీడీలు చుట్టి తమ్ముణ్ణి పెంచిన మనిషి, చెత్తలోంచి దారం ఏరుకొని దాచుకుంటోంది.

ఐదు కొట్టేసరికి కృష్ణ వస్తాడు. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు దించి, అటునుంచి అటే ఇక్కడికి వస్తానన్నాడు. నిన్న ఆర్కెస్ట్రా భీమన్న ఫోన్ చేశాడు, అదీ కృష్ణకు కాదు, తనకు. "ఆదివారం బోధన్ల ఫంక్షనున్నది చెల్లే. గిటారు వాయించెటోడు నాందేడు పోయి కూసున్నడు. కృష్ణగాణ్ణి పిలుద్దామంటే నాకు భయమైతున్నది. నీ మాట మీదనే పిలుస్త. వాడు తాగడని నువ్వు పూచీ ఉంటవా?" ఉంటానంది. ఎంత గొప్పగా అంది! నోరు కాదు అది, తాటిమట్ట. పూచీ ఉండడానికి ఆమే దొరికింది భీమన్నకు, తోడేలును మంద కాయమన్నట్టు. ఫోన్ పెట్టాక కృష్ణకు చెబితే వాడి మొహంలో సంతోషం కనిపించలేదు, "నువ్వు ఉంటనన్నవా అక్కా?" అని మాత్రం అడిగి, రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళు చూసుకున్నాడు. ఈ మధ్య వాడికదో అలవాటు. పొద్దున్నే లేవగానే వాకిట్లో నిలబడి చేతులు చాపి చూసుకుంటాడు, పసుపు వదల్లేదని కాబోలు. సబ్బు ఎంత పెట్టినా గోళ్ళ సందుల్లో పసుపు పోదు మరి.

ఆ చేతులు చిన్నప్పుడు ఎంత ఉండేవని. బోధన్‌లో చెరుకు ఫ్యాక్టరీకి దగ్గరగానే ఉండేది వాళ్ళ కొట్టం. బాపు ఫ్యాక్టరీలో సీజను కూలి, అవ్వ చెరుకు నరకడానికి పోయేది, సైరన్ కూస్తే ఊరంతా లేచేది, చెరుకు మడ్డి వాసన అన్నంలోకి కూడా వచ్చేది. ఫ్యాక్టరీ మూతబడి పదేళ్లు దాటింది, ఇప్పటికీ ఎక్కడన్నా బెల్లం కాగితే ఆమెకు ఆ కొట్టమే కళ్ళ ముందు నిలబడుతుంది. అప్పుడు తనకు పదమూడేళ్లు, వాడికి ఏడాది. బీడీలు చుడుతూ వాణ్ణి చూసుకోవాలి. పాకుతూ మోరీలోకి పోతాడని వాడి కాలికి బీడీ దారం కట్టి, ఇంకో కొసను మంచం కోడుకు కట్టేది. ఎంత దారం అది? చిటికెన వేలితో లాగితే తెగుతుంది. వాడు అది సాగినంత దూరం పాకేవాడు, కాలికి తగలగానే ఆగి వెనక్కి తిరిగి ఆమె మొహం చూసేవాడు, చూసి అక్కడే కూర్చునేవాడు. ఒక్కనాడూ తెంపలేదు. అవ్వ చూసి నవ్వేది, "అక్క కట్టింది గదా, అది గొలుసే వానికి," అనేది. ఆ మాట తలుచుకొని ఎన్నిసార్లు మురిసిందో తను. ఇప్పుడు ఈ పీట మీద తలుచుకొని పిడికిలి ఇంకా బిగించింది.

బయట బోధన్ రోడ్డు మీద లారీ పోయింది, దుకాణంలో చెక్కలన్నీ సన్నగా అదిరాయి. గిటారు బల్ల మీది గోనెపట్టాపై పక్కకు ఒత్తిగిలి పడుకుంది. ఎర్రగా నిగనిగలాడే ఆ రంగు చూసి అది ఇనుమో, ప్లాస్టిక్కో అనుకునేది మొదట్లో, భూమేష్ చిల్లు పెద్దది చేసినప్పుడు రాలిన పొట్టు చూస్తే మామూలు కట్టె, తెల్లగా మామిడి చెక్కలా ఉంది. నాందేడులో ఎవరో వాడిందాన్ని కొనుక్కొచ్చాడు వాడు. గల్లీ అంతా నవ్వారు, "కృష్ణ దానికే తాళి కట్టిండు, ఇంకో పిల్ల ఎందుకు," అని. పెళ్ళిళ్ళలో స్టేజీ మీద వాడు దాన్ని భుజానికి వేసుకొని నిలబడితే ఆమె ఆడవాళ్ళ వెనక కూర్చొని చూసేది, బంగారం వేసుకున్న పెళ్ళికూతురి కంటే తమ్ముడే నచ్చేవాడు. ఆ పెళ్ళిళ్ళే కొంప ముంచాయి. పాడేవాళ్ళకూ వాయించేవాళ్ళకూ పెళ్ళివారు వెనక గదిలో సీసా పెడతారు, అది మర్యాద అట. వద్దంటే అలుగుతారట. మూడేళ్ళు తిరిగేసరికి కళ్ళు పచ్చబడి దవాఖానాలో పడ్డాడు. "ఇంకోసారి తాగితే తీసుకురాకండి," అన్నాడు డాక్టరు, ఆ మాట వాడికి కాదు, ఆమెకు చెప్పాడు.

తాగుడు మాన్పించడం ఆమె చేతిలో లేదు. స్టేజీ ఎక్కకుండా చేయడం మాత్రం ఉంది. పట్టీ లేకపోతే గిటారు భుజాన నిలవదు, నిలవకపోతే నిలబడి వాయించలేడు, కూర్చొని వాయించేవాణ్ణి భీమన్న తీసుకుపోడు. ఇంతే లెక్క. ముహూర్తాలు మొదలవగానే, వాడు స్నానానికి పోయినప్పుడు, ఆకులు కత్తిరించే కత్తెర మొనతో ఆ గుండీ స్క్రూ విప్పి తంబాకు డబ్బాలో వేసింది. వాడు ఇల్లంతా వెతికాడు, మంచాల కింద దూరాడు, వాకిలి జల్లెడ పట్టాడు. ఆమె కూడా వాడితో పాటు వంగి వెతికింది. చీపురు తెచ్చి ఇచ్చింది! "దేవుడే నిన్ను పోవద్దంటున్నడేమో తమ్మీ," అని ఆ దేవుణ్ణి కూడా ఇందులోకి లాగింది. ముహూర్తం దాటాక "ఇగో, చాట కింద దొరికింది," అని తీసి ఇచ్చింది, వాడు కాళ్ళు మొక్కినంత పని చేశాడు. అలా ఎన్నిసార్లు? ఒకసారి వాడు విసిగి బజారుకు పోయి లావుపాటి స్క్రూ కొనుక్కొచ్చి బిగించుకుంటే దాన్నీ విప్పింది. ఆ లావుదానితో చిల్లు పెద్దదైపోయి, పాత స్క్రూ తిరిగి పెడితే నోట్లో పుల్ల ఆడినట్టు ఆడింది. వాడికి తెలిసిపోతుంది. ఏం చేయాలో తోచక, చేతికి దగ్గరగా ఉన్నదేదో దానితోనే చేసింది. చేతికి దగ్గరగా ఎప్పుడూ ఉండేది ఒక్కటే. స్క్రూ మెలికల నిండా దారం చుట్టి, మూతి దగ్గర బీడీకి వేసినట్టే ముడి వేసి, లోపలికి తిప్పింది. గట్టిగా పట్టింది. తన పనితనానికి తానే మెచ్చుకుంది, సిగ్గులేక. ఆ తరవాత విప్పినప్పుడల్లా ఇంకో నాలుగు చుట్లు ఎక్కువ చుట్టాల్సి వచ్చేది.

"ఛాయ్ తాగుతవా అక్కా?" అన్నాడు భూమేష్. వద్దంది. ఆయన దర్వాజా చెక్కకు చిత్రిక పడుతూ, చుట్టలు చుట్టలుగా లేచే తొక్కను కాలితో పక్కకు నెడుతున్నాడు. చక్కటి పని. తప్పుగా తీస్తే చెక్క చెబుతుంది, దాచడానికి ఉండదు. ఆమె పనిలోనూ ఉండదు నిజానికి, ఒక్క బీడీ లూజుగా చుడితే కార్ఖానాలో బీడీలు తనిఖీ చేసే చాటన్‌దారు వేలితో నొక్కి తీసి పడేస్తాడు. ముప్పై ఏళ్ళలో ఆమె కట్టలోంచి తీసి పడేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంత నిఖార్సయిన చేయి తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఇంత దొంగ పని ఎలా చేసిందో. మంచికే చేశాను, వాడి ప్రాణం కోసమే చేశాను, అని ఏడు నెలల నుంచి తనకు తానే చెప్పుకుంటోంది. ఆ మాట స్క్రూ విప్పినదాని వరకూ చెల్లుతుంది. ఆ తరవాత దానికి చెల్లదు.

ఆ తరవాతది ఏమిటంటే, కృష్ణ మానేశాడు. ఎవరూ చెప్పకుండా, ఏ మాలా వేసుకోకుండా, మొన్న పోయిన దసరా కాదు, దానికి ముందటి దసరా తరవాత ఒకరోజు మానేశాడు. ఆమె రెండు నెలల దాకా నమ్మలేదు, రాత్రి వాడు పడుకున్నాక దగ్గరికి పోయి వాసన చూసేది. శ్రావణం వచ్చేసరికి పది నెలలు. గుండీ ముట్టుకోవడం ఎప్పుడో ఆపేసింది. కానీ దారం లోపలే ఉంది. ఆ శ్రావణంలోనే వేల్పూర్‌లో రిసెప్షను, సాయంత్రం వాడు ఇస్త్రీ చొక్కా వేసుకొని, పట్టీ తగిలించి చూసి, "అక్కా, గీ గుండీ జర సూడు, ఆడుతున్నట్టున్నది. గట్టిగున్నదా?" అన్నాడు. ఆమె వేలు పెట్టి చూసింది. ఆడుతోంది. ఆడుతోందని చెప్తే వాడు విప్పుతాడు, విప్పితే దారం బయట పడుతుంది, గులాబీ రంగు దారం. వేలు దాని మీదే ఉంది. ఆ వేలు ఇప్పుడు ఈ పిడికిట్లో ఉంది. "గట్టిగనే ఉన్నది, పో," అంది. వాడు తలుపు దగ్గర కూడా ఒకసారి వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాడు, చూసి వెళ్ళిపోయాడు.

తెల్లారి పొద్దున ఆటోలో భీమన్న వచ్చాడు, వెనక కృష్ణ, కృష్ణ ఒళ్ళో గిటారు. పాట మధ్యలో గుండీ ఊడి గిటారు పెళ్ళికొడుకు కాళ్ళ దగ్గర పడిందట, స్పీకర్లు కీచుమన్నాయట, పిల్లలు ఏడ్చారట, పెళ్ళివారు భీమన్న కాలరు పట్టుకున్నారట. "పట్టుకునుడు చాతగాలే వానికి! మళ్ళ తాగిండు!" అని వాకిట్లో అరిచాడు భీమన్న. గల్లీ గల్లీ గడపల్లోకి వచ్చింది, ఈరవ్వ పచ్చదారం చేతిలో పట్టుకొనే వచ్చింది. "తాగలే అన్నా. ఒట్టు. గుండీ ఊడింది," అన్నాడు కృష్ణ. అందరూ గంగుబాయి వైపు చూశారు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నా అదో రకం. ఆమె మూసుకోలేదు. అంతమంది చూస్తుంటే ఏదో ఒకటి అనాలి కాబట్టి, "వీని సంగతి నాకెరుక లేదా? నా బతుకు గింతే," అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఏడుపు నిజం, మాట అబద్ధం. వాడి నోట్లోంచి ఆ పొద్దున ఏ వాసనా రాలేదు, ఆటో దిగినప్పుడే చూసుకుంది, ఎరుకయ్యే అంది. వారం రోజులు వాడు "తాగలే అక్కా" అంటూనే తిరిగాడు. తరవాత అనడం మానేశాడు. చలికాలం వచ్చాక యార్డులో హమాలీగా చేరాడు. గిటారు మీద దుప్పటి కప్పి మూలన నిలబెట్టాడు. ఈ ఏడు నెలల్లోనూ చుక్క ముట్టలేదు, ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా వాడికి ఎవరూ లేరు.

చెప్పేద్దామా అని ఎన్నిసార్లు అనుకోలేదు. అన్నం వడ్డిస్తూ అనుకుంది, బతుకమ్మ పేరుస్తూ అనుకుంది, హోళీనాడు వాడు రంగు కూడా పూసుకోకుండా గోడకు ఆనుకొని కూర్చుంటే అనుకుంది. అనుకున్న ప్రతిసారీ ఎవరో రావడమో, కూర మాడడమో. ఎవరూ రాకపోతే ఆమే లేచి పోయేది. ఇప్పుడు ఇంక అక్కర లేదు కదా, బిరడా పడింది, దారం బయటికి వచ్చేసింది, మోరీలో వేస్తే పోతుంది. ఆదివారం వాడు స్టేజీ ఎక్కుతాడు, గుండీ ఊడదు, పేరు మళ్ళీ నిలబడుతుంది. తను చెప్పినా చెప్పకున్నా అంతా సర్దుకుంటుంది. సర్దుకుంటుందా? భీమన్న వాణ్ణి క్షమించి పిలుస్తున్నాడు. చేయని తప్పుకు మన్నింపు తెచ్చి తను వాడి నెత్తిన పెడుతోంది, పైగా పూచీ తనది. ఆదివారం వాడు ఆ స్టేజీ మీద నిలబడినంత సేపూ భీమన్న వాడి నోరే చూస్తాడు, వాడి నడకే చూస్తాడు. జన్మంతా చూస్తాడు. ఎండ దుకాణం గడప దాటి గిటారు మీదికి పాకింది. ఆమె లేచి మోరీ దాకా పోయింది. పిడికిలి విప్పలేదు. తిరిగి వచ్చి కూర్చుంది.

కృష్ణ ఐదుకు ముందే వచ్చాడు. తలకు తువ్వాల, మోచేతుల దాకా పసుపు, గౌరమ్మను చేయడానికి ముద్దలో చేతులు పెట్టినట్టున్నాడు. "అయిందా అన్నా?" అన్నాడు. భూమేష్ ఉలితో బిరడా పైభాగం చెక్కి సాపు చేశాడు, నడిమధ్యన సన్న బిట్టుతో చిన్న చిల్లు వేశాడు, స్క్రూ మొనను సబ్బుబిళ్ళకు రుద్దాడు. మిషను పక్కన పెట్టి చేత్తోనే తిప్పసాగాడు. కట్టె కిర్రుమంది, లోపల పట్టు దొరికిన చప్పుడు. "రేపటిదాక బరువు పెట్టకు. ఇంతకుముందు దీన్ని ఎవలో మస్తు సార్లు ఇప్పిండ్రు తమ్మీ, సిల్లంత తినేసింది," అన్నాడు భూమేష్.

"ఎవలు ఇప్పలే అన్నా. నా చేతులదే తప్పు. నేనే సరిగ పట్టుకోలే," అన్నాడు కృష్ణ.

అంత మామూలుగా అన్నాడు. గంగుబాయి పీట మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఎడమ పిడికిలి గిటారు పక్కన పెట్టి విప్పింది. చెమటకు ముద్దయిన దారం అరచేతికి అంటుకొని ఉంది, గులాబీ రంగు చేతికి కూడా దిగింది.

"నేను ఇప్పిన తమ్మీ. నువ్వు పెండ్లిళ్లకు పోవద్దని. ఆరుసార్లో ఏడుసార్లో. సిల్లు పెద్దగైతే దారం సుట్టి పెట్టిన."

వాడు దారం చూశాడు, ఆమె మొహం చూశాడు. భూమేష్ ఉలి తుడుచుకుంటూ దుకాణం బయటికి పోయి నిలబడ్డాడు.

"గా దినం నిన్ను అడిగిన గదా అక్కా. గట్టిగున్నదా అని."

"అడిగినవు."

"నువ్వు వేలు పెట్టి సూసినవు."

"సూసిన. ఆడుతున్నదని నాకు ఎరుకనే."

తిడతాడనుకుంది. తిడితే బాగుండు, కొట్టినా బాగుండు. వాడు తువ్వాల విప్పి చేతులు తుడుచుకున్నాడు, తువ్వాల పచ్చబడింది, చేతులు అట్లాగే ఉన్నాయి. "గా దినం నేను తాగలే," అన్నాడు.

"ఎరుక."

"నీకు ఎరుకనే. నాకే ఎరుక లేకుంట పోయింది," అన్నాడు కృష్ణ. గొంతు లేవలేదు. "అందరంటుండ్రి, నువ్వు గుడ అంటివి. నువ్వు అబద్ధం ఎందుకు ఆడుతవు అనుకున్న. తాగకున్నా నా చేతులు వణికినయేమో, తాగి తాగి లోపల నరాలు పోయినయేమో అనుకున్న. దినాం పొద్దుగాల లేస్తనే సూసుకుంట, వణుకుతున్నయా అని. ఏడు నెలలు అక్కా." అని రెండు చేతులూ ముందుకు చాపాడు, వాకిట్లో చాపినట్టే. ఆమె ఇన్నాళ్ళూ పసుపనుకుంది. పది వేళ్ళలో ఒక్కటీ కదలడం లేదు.

ఆమె వాటిని పట్టుకోబోయింది. వాడు వెనక్కి తీసుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, పసుపు వేలితో నొక్కి, మోగుతున్న ఫోన్‌ను ఆమె చేతిలో పెట్టాడు. తెర మీద భీమన్న పేరు ఉంది. ఈ మాట గల్లీకి తెలుస్తుంది, ఈరవ్వకు తెలుస్తుంది, కార్ఖానాకు తెలుస్తుంది. అవతల "ఆ, చెప్పుర కృష్ణా," అని వినబడింది.

"నేనన్నా, గంగుబాయిని. నిన్న పూచీ ఉంటనన్న గదా, ఆ మాట ఎనుకకు తీసుకుంటున్న. వానికి పూచీ అక్కెర లేదు. గా దినం వాడు తాగలే. గుండీ ఇప్పింది నేను."

"ఏం గుండీ? ఏమంటున్నవు చెల్లే? జర ఇనబడేటట్టు చెప్పు," అన్నాడు భీమన్న, వెనక ఎవరో తబలా సరిచేసుకుంటున్నారు. కృష్ణ గిటారును ఒళ్ళోకి తీసుకొని, కొత్త గుండీ మీద వేలు పెట్టి, గట్టిగా ఉందో లేదో తనంత తానే చూసుకుంటున్నాడు. గంగుబాయి గొంతు పెంచి, కత్తెర దగ్గర నుంచి మొదలుపెట్టింది.